చామంతికి సాహివాల్ సంబంధం

శామీర్‌పేట

పశువైద్యులు చక్రపాణి గారికి అంజయ్య నమస్కారాలు.

ఫోన్ చేసినప్పుడల్లా మీరు ఏదో ఒక ఆవు వైద్యంలో ఉంటున్నారు. అందుకే మేడ్చల్ వచ్చే పాలవ్యానులో ఈ ఉత్తరం. మా హోల్‌స్టీన్ సంకరం ఆవు చామంతి బిందెలు నింపుతోంది కానీ, ఎన్నిసార్లు ఎదసూది వేయించినా చూడి కట్టడం లేదు. జాతిలోనే లోపమా? ఈసారీ నిలవకపోతే అంగడికి తోలేస్తాను.

ఇట్లు, అంజయ్య

తా.క.: సారూ, నేను ఆయిన భార్య లక్ష్మమ్మను. కవరు అతికిచ్చేది నేనే. సామంతిని సీసాతోటి పాలు తాపి సాకిన. దాన్ని అంగడికి తోల్తే నేను గూడ దానెంటనే పోత. ఆయినకు వంటొస్తదో రాదో అడుగుండ్రి.

మేడ్చల్

అంజయ్య గారికి, మీరూ చామంతీ క్షేమమని తలుస్తాను.

విదేశీ రక్తం పెరిగేకొద్దీ పాలు పెరుగుతాయి కానీ, మన ఎండకు తట్టుకోలేక ఎద, చూడి వెనకబడతాయి. ఈసారి మన దేశీ జాతి సాహివాల్ విత్తనం వేయిద్దాం. పుట్టే పెయ్య తల్లి అంత పాలివ్వకపోవచ్చు. కానీ వేళకు ఈనుతుంది, మందుల ఖర్చు తగ్గుతుంది, చివరికి చేతిలో మిగిలేది అదే. ఒక్క మాట. పొద్దున ఎదకొచ్చి అరిస్తే ఆ సాయంత్రమే సూది పడాలి.

మీ చక్రపాణి

తా.క.: మీకు వంట వచ్చా?

శామీర్‌పేట

డాక్టరు గారికి అంజయ్య మళ్ళీ నమస్కారాలు.

వేళ విషయంలో నన్ను వేలెత్తి చూపకండి. నా అంత పట్టింపు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. అనుమానమంతా మీ విత్తనం మీదే. ఆ సాహివాల్ కోడె ఎవరిది? తల్లి పాలు ఎలా ఇచ్చింది? అక్కచెల్లెళ్ళు వేళకు ఈనుతున్నాయా? పొడిచే రకమా? ఫోటో పంపండి. వంట సంగతి అర్థం కాలేదు. కోడెకు వండి పెట్టాలా?

ఇట్లు, అంజయ్య

తా.క.: సారూ, నా పెండ్లప్పుడు మా నాయిన ఇన్ని అడగలే. అడిగితే బాగుండు.

మేడ్చల్

అంజయ్య గారికి,

ఫోటో పంపుతున్నాను. కోడె తల్లి, చెల్లెళ్ళు అందరూ బుద్ధిమంతులే. పొడిచినా మీకు తగలదు. అది ఉండేది వేరే రాష్ట్రంలో, మీ ఇంటికి వచ్చేది సన్నటి గొట్టంలో. విత్తనం నేనే పరీక్షించాను, చలాకీగా ఉంది. సూది వేసే మా గోపాలమిత్రను అనవసరంగా అనుమానించాను, అతను అలిగాడు. మరి తప్పెక్కడుందో నాకూ అంతుపట్టడం లేదు.

మీ చక్రపాణి

తా.క.: కోడెకు వంట అక్కర్లేదు.

శామీర్‌పేట

చక్రపాణి సారుకు లక్ష్మమ్మ దండాలు. ఈ ఉత్తరం ఆయినకు తెల్వదు.

నిన్న మీరొచ్చి సామంతి చూడిదేనని చెప్పంగనే నాకు ఏడుపాగలే. ఆయిన గూడ దాని గంగడోలు నిమురుకుంట, ఇగ దీన్ని అమ్మనే అమ్మ అన్నడు. అందుకే నిజం చెప్తున్న. సూది ఏసుడంటే పెండ్లసొంటిదే అని ఆయిన ప్రతిసారి పంతులు తానికి పోయేటోడు. ఇయ్యాల అరిస్తే ఎల్లుండికి ముహూర్తం. అప్పటికి సామంతి అన్నీ మర్చిపోయి నెమరేస్తుండె! మీ ఉత్తరం సదివినంక నాకు సమజైంది. ఈసారి అది అరిసిన్నాడు ఆయిన తూంకుంటల కొనేటోళ్ళకు ప్లాట్లు చూపెట్ట పోయిండు. గోపాలమిత్రను పిలిచి ఆ సాయంత్రమే సూది ఏయించిన. అమాసనే, అయితేంది? ముహూర్తం నాడు ఆయిన కొబ్బరికాయ కొడుతుంటే, గోపాలమిత్ర ఉత్త గొట్టం పట్టుకొని నిలబడ్డడు.

ఇగ ఒక్కటే పరేషాన్. ఇదంతా ముహూర్తం మహిమే అని ఆయిన వాడకట్టుల ఉన్న ఆవులన్నిటికి పంతులు తాన తేదీలు రాయిస్తుండు. మీరు జల్దీ రాండ్రి.

లక్ష్మమ్మ

తా.క.: పెయ్య పుడితే పేరు పంతులునే పెట్టమందాం. దానికి ఎన్ని దినాలు ఆగినా ఏం కాదు.