పూజనాడు పట్టిన కత్తి

మీకు,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు పనిచేసిన వర్క్‌షాపులో మళ్ళీ విశ్వకర్మ పూజ, పొద్దున్నుంచీ మైకు మోగుతూనే ఉంది.

మన నిమ్‌పురా ఇంటి వెనక తుప్పలు కిటికీ దాకా లేచాయి. నిన్న బజారుకి వెళ్ళి కత్తి కొన్నాను. మీరు చేసిన కత్తిని ఇంట్లో ఉంచుకోలేక అప్పుడే ఎవరికో ఇచ్చేశాను. కొట్టాయన ముందు కొడవలి తీశాడు. తుప్పలకని చెప్తే, "అయితే ఇది కాదమ్మా, ఇది గడ్డికే. తుప్పలకి ముందుకి వొంగిన బరువు కత్తి కావాల, అదే దిగుతాది" అన్నాడు. మీరు నేర్పినట్టే గోటితో మీటి, కంగుమన్నదాన్ని తీసుకున్నాను.

నిరుడు ఈ రోజునే తుప్పలు నరకమని మిమ్మల్ని బతిమాలాను. మీరు కత్తికి బొట్టు పెట్టి పీట మీద పడుకోబెట్టారు. "పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదే. రేపు సూద్దాం" అన్నారు. సాయంత్రం కుళాయి దగ్గరికని వెనక్కి వెళ్ళారు. తుప్పల్లో పాముకి మాత్రం పండగ లేకపోయింది.

ఇవాళ కత్తి పట్టుకుని వెనక్కి వెళ్తుంటే పక్కింటి అప్పలనరసమ్మ పరుగున వచ్చింది. "ఇదేటి వదినా, ఇయ్యాల కత్తి ముట్టుకున్నావు! కీడు కదేటి?"

"ఇంకేటి కీడు మిగిలింది నాకు?" అన్నాను.

ఒక్కదాన్నే నరికాను. అన్నం వేళకి వెనక గోడ కనిపించింది.

అంతా కలిపి ఒక్క పూట పనండీ.