మేడ మీది హెడ్‌సెట్

బోరబండ,
14 ఫిబ్రవరి 1999

ఇంటి యజమాని మొగిలిగారికి, మీ మేడ మీద కిరాయికి ఉంటున్నవాడు నమస్కారాలతో రాస్తున్నాను.

కంప్యూటర్ ఆటలో తుపాకుల మోత ఆగకపోతే ఇల్లు ఖాళీ చేయమన్నారు. అందుకే హెడ్‌సెట్ కొన్నాను. చవకది చాలనుకున్నాను. ఇంకో వంద పెడితే నాలుగు వైపుల నుంచీ శబ్దం వచ్చినట్టు ఉంటుందని, శత్రువు ఎటున్నాడో తెలుస్తుందని షాపువాడు చెప్పాడు. అదే తీసుకున్నాను. నిజంగానే తెలుస్తోంది.

ఇబ్బందేమిటంటే, అది పెట్టుకుంటే నా గొంతు నాకు వినపడదు. పక్క గదిలో నాతో ఆడే చైతన్యకు "నీ వెనకే ఉన్నాడు!" అని చెబుతుంటాను. అది అరుపట. కింద అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న మీ అమ్మగారు విన్నారు. మెట్లెక్కి వచ్చి, "నా ఎనుకనా బిడ్డా? మా ఆయనేనా? నీకు కనవడుతుండా?" అని అడిగారు. మీ నాన్నగారు పోయి ఏడాది కాలేదని నాకు తెలుసు. కాదనలేక తలూపాను.

అప్పటినుంచి నేను ఆఫీసు బస్సు దిగి రాగానే "ఇయ్యాల ఏడున్నడు?" అంటారు.

ఇప్పుడు మీరు నా అరుపులు భరించలేక ఆటే మానేయమంటున్నారు. తప్పకుండా మానేస్తానండి. అమ్మగారికి ఏం చెప్పాలో మాత్రం మీరే చెప్పండి. నిన్న సాయంత్రం కూడా అడిగారు. కుడివైపు, దగ్గర్లోనే ఉన్నారన్నాను. ఆవిడ అరుగు మీద కొంచెం ఎడమకు జరిగి చోటిచ్చారు.

ఇట్లు,
మీ కిరాయిదారు