మైకు లేకుండా యాదమ్మ

లక్ష్మీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మన మిర్యాలగూడ వార్డులో, ఇళ్లలో ఆడవాళ్లను కొట్టడం ఆపాలని మున్సిపాలిటీ వాళ్లు మీటింగు పెట్టారు. మైకుసెట్టు ఎవరిదో తెలుసా? పక్కింటి సైదులుది. పెళ్లాం యాదమ్మను కొట్టే మన సైదులే.

కౌన్సిలరమ్మ సమానత్వం గురించి చెబుతుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే. ఎవరైనా మాట్లాడతారా అని ఆమె అడగ్గానే యాదమ్మ లేచి మైకు అందుకుంది.

"అమ్మా, నా మొగడు..." అన్నదో లేదో మైకు ఆగిపోయింది.

"వైరు ఊడిందమ్మా," అన్నాడు సైదులు.

"ఊడనియ్యి. మైకు లేకున్నా నా గొంతు బస్టాండు దాక ఇనపడ్తది," అంది యాదమ్మ. దెబ్బల సంగతంతా చెప్పేసింది. టీకొట్టు దగ్గరివాళ్లు కూడా గ్లాసులతో వచ్చి విన్నారు.

"కేసు పెడదాం. సాక్ష్యం ఎవలిస్తరు?" అని అడిగింది కౌన్సిలరమ్మ. అందరూ చెప్పులు వెతుక్కోసాగారు.

నేను లేచాను. "పక్క ఇల్లే మాది. అంతా ఇన్న. నేనిస్త."

ఏడుస్తున్న యాదమ్మ నవ్వేసింది. "అన్నా, నీకు మాటలొస్తయని వదినె ఎన్నడు సెప్పలే!"

రేపు పొద్దున స్టేషన్‌కు వెళ్లాలి. అక్కడ ఏం చెప్పాలో, ముందు నీకు చెప్పి చూసుకుంటున్నాను.