వాన కోసం ఆగిన ఆదివారం

మెరెరిడ్ అక్కా,

ఆదివారం వేటమాంసం వండి మాకోసం ఎదురుచూశావట. పెద్ద వాన పడింది, అందుకే రాలేదు.

కొండమీది మన సైకిల్ బాట వెంట పారే వాననీళ్లు ఇంకోసారి గెథిన్ తాత గొర్రెల దొడ్డిలోకి వస్తే బాట మూసేస్తామని అటవీ ఆఫీసువాళ్లు చెప్పారు. సైకిల్ తొక్కే కుర్రాళ్లమంతా కలిసి బాటకు అడ్డంగా కాలువలు తవ్వాం. అవి పనిచేస్తాయో లేదో వానలోనే తెలుస్తుంది. అందుకని అందరం పారలు పట్టుకుని వెళ్లి తడుస్తూ నిలబడ్డాం.

తాత బయటికొచ్చి, "నా గొర్రెలే చూరు కింద చేరాయి, మీకేం పోయేకాలం వచ్చిందర్రా?" అన్నాడు.

నీళ్లు కాలువ దగ్గరికి వచ్చి పక్కకు తిరిగి తుప్పల్లోకి పోతున్నాయి. దొడ్డివైపు ఒక్క పాయ కూడా రాలేదు. తాత చాలాసేపు చూశాడు.

"బాట ఉండనివ్వమని నేనే చెబుతాలే," అన్నాడు.

తర్వాత లోపలికెళ్లి గొడుగు, కుర్చీ తెచ్చుకుని మా పక్కన కూర్చున్నాడు.

నీ తమ్ముడు