ఖాళీగా వదిలిన గడి

ఏమండీ, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ మలాజ్‌లో మన ఇంటిల్లిపాదికీ ఇప్పుడు మనవరాలి ఆనర్స్ కాలేజీ దరఖాస్తే పని. మార్కులొక్కటే చాలవట, చదువు కాక ఇంకేం చేశావో రాయాలట. అది ఆ గడి ఖాళీగా వదిలేసింది.

“మీ తాతకు చూపు పోయినాక రెండేండ్లు రోజూ సాయంత్రం పేపరు చదివి వినిపించినావు గదా, అది రాయి” అన్నాను.

“తాత యాక్టివిటీ కాదవ్వా” అంది.

దాని పొగరు అచ్చం మీదే. సిఫారసంటే మీకు గిట్టదని తెలుసు. అయినా సిఫారసు ఉత్తరం రాసే టీచరమ్మకు, దానికి తెలియకుండా ఫోన్ చేసి ఆ పేపరు సంగతి చెప్పాను.

“అందుకేనా అమ్మా, డిబేట్ క్లబ్బులో చేరమంటే రోజూ ఇంటికి పరుగెత్తేది” అంది ఆమె. ఉత్తరంలో అదే రాసింది.

ఫలితం ఇంకా రాలేదు. మనవరాలు మాత్రం సాయంత్రమైతే ఇప్పటికీ పేపరు బిగ్గరగానే చదువుతోంది. నా కళ్లు బాగానే ఉన్నాయని నేను చెప్పలేదు.