వార్తల్లో నేర్చిన ఇంగ్లీషు

హెల్వీ టీచర్ గారికి,

వచ్చే వారం నుంచి మన క్లాసులో దేశాల పొత్తుల వార్తలు మానేసి, దుకాణంలో మాట్లాడే ఇంగ్లీషు చెబుతారని విన్నాను. మన క్లాసులోని తౌనో పట్టుబట్టాడట. "ఈ వయసులో మనమేమైనా రాయబారులం అవుతామా?" అని నన్నూ వెక్కిరించాడు. నా మనవి వేరు.

మా కోడలు ఓర్లాది ఐర్లండ్. ఆమెకు ఫిన్నిష్ రాదు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా మీరు చదివించిన వార్తల్లోదే. పోయిన నెల వాళ్లమ్మ చనిపోయింది. కబురు తెలియగానే వెళ్లి, కాఫీ పోసిచ్చి, సాయంత్రం దాకా పక్కనే మాట్లాడకుండా కూర్చున్నాను. మన ఫిన్నిష్ వాళ్లలో అంతకు మించి ఎవరేం చేస్తారు? ఆమె మాత్రం మావాడితో, "మీ అమ్మకి నేనంటే గిట్టదు. ఒక్క మాటైనా అన్లేదు" అందట.

మర్నాడు మళ్లీ వెళ్లాను. కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, వచ్చినదంతా ఇంగ్లీషులో అప్పజెప్పాను. "తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నాం. పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాం."

ఓర్లా బిత్తరపోయి చూసింది. మన దేశం సైనిక కూటమిలో చేరినప్పుడు మీరు బోర్డు మీద రాసిన వాక్యం కూడా చెప్పేశాను. "మాలో ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నా కోటు భుజం తడిసిపోయింది.

తౌనోకు నేను సర్దిచెబుతాను, మీరు వార్తలు మానకండి. బంగాళాదుంపలు కావాలంటే వేలు పెట్టి చూపించి తెచ్చుకోగలను టీచర్ గారూ. ఆ వాక్యాన్ని దేన్ని చూపించి చెప్పను?

ఇట్లు,
కిటికీ పక్కన కూర్చునే మీ విద్యార్థిని