రెండు తెరలది, మూత ఉన్నది

పద్దెనిమిదో తేదీ, ఆదివారం
మధ్యాహ్నం మూడు గంటలు

పాప వాళ్ళ నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ ముగ్గురమూ కులాసాగానే ఉన్నాం. పాపకి కింది వరసలో ఒక పన్ను ఊడింది, అది లెక్కలోకి రాదు. ఇంట్లో జరిగిన ఇంకో నష్టం గురించే ఈ ఉత్తరం. మీ ఆరోగ్యం బాగుందనే అనుకుంటున్నాను. ఆదివారం ఫోన్‌లో పాప నవ్వే నవ్వు గుమ్మం బయటిదాకా వినిపిస్తుంది కాబట్టి, మీరు అక్కడ దిగులుగా లేరని నా ఊహ.

మిమ్మల్ని ఏమని పిలవాలో తేలక ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. అన్నయ్యగారూ అని మొదలుపెడితే పాప వాళ్ళమ్మ నాకు వదినగారై కూర్చుంది. బావగారూ అని రాస్తే ఇంకా ఘోరం, ఆవిడ నాకు అక్కో చెల్లెలో అవుతుంది. తోడల్లుడు అన్న మాట తట్టినప్పుడు హమ్మయ్య అనుకున్నాను, మనిద్దరికీ మామగారు ఒక్కరే కదా. కానీ తోడల్లుళ్ళు కావాలంటే ఆ మామగారికి కనీసం ఇద్దరు కూతుళ్ళుండాలి. పెళ్ళిళ్ళలో ఎప్పుడూ చూడని మనిషిని కూడా చుట్టరికం తవ్వి తీసి ఏదో ఒక వరసలో పడేస్తాం మనం. మీకూ నాకూ మధ్య మాత్రం ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు. చివరికి పైన రాసిన పిలుపే మిగిలింది. ఆవిణ్ణి 'మా ఆవిడ' అని మీకు రాయడానికీ చెయ్యి రావడం లేదు. అందుకని ఈ ఉత్తరం పొడుగునా ఆవిడ పాప వాళ్ళమ్మే.

నా గురించి మీకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. అందరూ మాస్టారు అంటారు. రెండేళ్ళ కిందట నేను ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు పాప కూడా అదే పిలుపు ఖాయం చేసింది. మాస్టారూ అని మర్యాదగా పిలిచి, ఆ వెంటనే నువ్వు అంటుంది. నాకు అదే బాగుంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ ఉత్తరం ఏమిటి అంటారేమో. నిజం చెప్పాలంటే మీ ఫోన్ మోగగానే నేను కారు కడగడానికి వెళ్ళిపోతాను. మీరు మాట్లాడుతుంటే నేను సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించడం నావల్ల కాదు. ఒకసారి వర్షం పడుతుంటే కూడా కడిగాను. పక్కింటాయన కిటికీ తెరిచి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. ఇవాళ పొద్దున మీరు ఫోన్ చేసినప్పుడు కూడా చక్రాలు తోముతూనే ఉన్నాను. మీ అడ్రసు, ఆఖరిసారి మీరు పంపిన ఆట కార్డు తాలూకు కవరు మీద దొరికింది. పాప ఆ కవర్లన్నీ దాచుకుంది.

ఇక అసలు సంగతి. మీరు పాప కోసం సొంతంగా తయారుచేసిన పిల్లి ఆట ఇప్పుడు తెరుచుకోవడం లేదు. మూడు వారాల కిందట గేమ్ మెషీన్ అప్‌డేట్ చెయ్యమంటారా అని అడిగితే, పాప చూసుకోకుండా అవును అని నొక్కేసింది. అప్పటినుంచి ఆ ఆట ఉన్న మీ బుల్లి కార్డు పెడితే ఆ మెషీన్ దాన్ని గుర్తుపట్టడం లేదు. ఇది నాకు తెలియని కార్డు, తీసెయ్యండి అంటోంది. పిల్లది, తెలియక చేసింది. దయచేసి దాన్ని ఏమీ అనకండి. మీతో ఫోన్‌లో కూడా చెప్పలేదట, నాన్న బాధపడతాడు అంది.

ఆ ఆట పాప మెషీన్లో నేను ఒక్కసారే చూశాను. నేను వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. మూత తెరిస్తే రెండు తెరలు, పైతెరలో మేడ, కిందితెరలో కింది గదులు. పిల్లి మెట్లెక్కితే కిందనుంచి మాయమై పైన తేలుతుంది. అది మీరు ముగ్గురూ ఉన్న పాత ఇల్లని పాప చెప్పింది. ఇక్కడ నా మంచం, ఇక్కడ నాన్న కంప్యూటరు, ఈ తలుపు గట్టిగా తోస్తేగానీ పడేది కాదు అంటూ వేలుపెట్టి చూపించింది. వంటగదిలో నీలం కెటిల్ ఉంది. అది ఇప్పుడు మా పొయ్యి మీద ఉన్న కెటిలే. పోయిన ఏడాది దాని పిడి విరిగితే నేనే మరలు బిగించాను. మీ ఆటలో దానికి పిడి సవ్యంగానే ఉంది. ఆ తెర ముందు నేను చెప్పులు వేసుకుని పరాయి ఇంట్లోకి వచ్చేసినవాడిలా కూర్చున్నాను, కానీ లేవాలనిపించలేదు. ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి కొత్తది కట్టారట. అంటే ఇప్పుడు ఆ గదులు ఆ కార్డులో తప్ప ఇంకెక్కడా లేవు. పాప రోజూ స్కూలుకి వెళ్ళేముందు ఐదు నిమిషాలు ఆ ఇంట్లో తిరిగి, మూత మూసి, పిల్లిని పడుకోబెట్టి బయల్దేరేది. మూడు వారాలుగా ఆ ఐదు నిమిషాలూ ఊరికే కూర్చుంటోంది.

అందుకని ఇంకో మెషీన్ కొందామని బయల్దేరాను. అక్కడినుంచి నా బుర్ర కుడితిలో పడ్డ ఎలకే.

మొదట పెద్ద షాపుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి గాజు పెట్టెలోంచి కొత్త మోడల్ తీసి, బొమ్మ ఎంత బాగుందో చూడండి సార్ అంది. బాగానే ఉంది. ఇంట్లో తయారుచేసిన ఆట ఇందులో నడుస్తుందా అని అడిగాను. హోటల్లో కూర్చుని ఇంటినుంచి తెచ్చిన క్యారేజీ విప్పుతానన్నట్టు చూసింది నన్ను. కంపెనీవాళ్ళు ఒప్పుకున్న ఆటలు తప్ప ఇందులో ఇంకేవీ ఎక్కవు సార్ అంది.

తరువాత, మెట్ల కింద చిన్న కొట్టులో ఫోన్లూ గడియారాలూ బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. నుదుటి మీద భూతద్దం ఉంటుంది, దాన్ని దించకుండానే మాట్లాడతాడు. ఆయన చెప్పింది ఇంకో రకం. కొత్తది కొంటే మునిగిపోతారు, పాతదే కొనండి, అదే మోడల్, ఎవరూ అప్‌డేట్ చెయ్యనిది అన్నాడు. ఎంత పాతదైతే అంత మంచిదట! కార్లలో నేను ఎప్పుడూ వినని మాట. ఎవరూ అప్‌డేట్ చెయ్యలేదని ఎలా తెలుస్తుంది అంటే, లోపల ఒక నంబరు ఉంటుంది చూసుకోండి, అమ్మేవాడి మాట నమ్మకండి అన్నాడు. ఏ నంబరు దాకా పర్వాలేదు అంటే, అది కార్డుని బట్టి ఉంటుంది, చేసినాయన్నే అడగాలి అన్నాడు. పోనీ ఇప్పుడున్నదాన్నే దారికి తేలేమా అని అడిగాను. తేవచ్చట. పద్నాలుగు మెట్లు ఉంటాయట, ఒక్కటి తప్పితే మెషీన్ ఇక వెలగని ఇటుకరాయి అయిపోతుందట. అంత మాట విన్నాక నేను దాన్ని జేబులోంచి బయటికి కూడా తియ్యలేదు.

మూడో సలహా నా దగ్గర కారు నేర్చుకునే అమ్మాయిది. కంప్యూటర్ ఉద్యోగం. మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయి, వెనక ఆరు బళ్ళు హారన్లు కొడుతుంటే, స్టీరింగ్ వదిలేసి నా వైపు తిరిగి ఎమ్యులేటర్ అంటే ఏమిటో వివరించింది. ఒక యంత్రం ఇంకో యంత్రంలా నటించడమట. పాతది చేసే పనులన్నీ చేస్తుంది మాస్టారూ, ఆటకి తేడా తెలియదు, ఆడేవాళ్ళకి మాత్రం తెలుస్తుంది అంది. నాకెందుకో ఆ మాట చురుక్కుమంది. క్లచ్ తొక్కమ్మా అని మాట మార్చాను.

అలాంటి బుల్లి మెషీన్లు ఈ పనికోసమే తయారుచేసి అమ్ముతారట, ఏ కట్టుబాట్లూ ఉండవట. మరమ్మతు కొట్టాయన దగ్గర ఒకటి ఉంటే, మీ కార్డులోంచి ఆటని దాంట్లోకి దింపి చూపించాడు. ఆట తెరుచుకుంది! ఆ కొట్టులోనే ఎగిరి గంతేసినంత పనిచేశాను. కానీ దానికి తెర ఒక్కటే. మీ మేడా కింది గదులూ కలిపి అగ్గిపెట్టెంత అయిపోయాయి. పెద్దవి చేస్తే పిల్లి మెట్లెక్కి ఎటు పోయిందో తెలియదు, ఇంకో బటన్ నొక్కి వెతుక్కోవాలి. దానికి మూత కూడా లేదు. పిల్లి నిద్రపోయేది ఎలా అని అడిగాను. భూతద్దం దించి మరీ నన్ను చూశాడు ఆయన.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. ఒకరు కొత్తది అంటారు, ఒకరు పాతది అంటారు, ఒకరు ఏదైనా ఒకటే అంటారు. లైసెన్సు లేనివాళ్ళు నలుగురు చేరి నలువైపులకీ దారి చెప్పినట్టుంది. పాత సామాన్ల కొట్లో ఒకటి కనిపించింది, ఎర్రది, మూత మీద గీతలున్నాయి. లోపలి నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఆ నంబరుకి మీ కార్డు తెరుచుకుంటుందా? లేక ఇప్పుడున్నదాన్నే ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కించమంటారా? లేకపోతే మీరు ఆ ఆటనే కాస్త మార్చి, ఒకే తెరకి సరిపోయేలా చెయ్యగలరా? ఇందులో ఏది తెలివైన ప్రశ్నో ఏది కాదో కూడా నాకు తెలియదు. అన్నిటికీ జవాబు రాయండి.

ఇంకొక్క మాట, ఇది నేను అడగకూడదేమో. ప్రతి ఏడూ స్కూలు సెలవులివ్వగానే మీరు ఆ ఇంటికి ఒక కొత్త గది కలిపి కార్డు పంపేవారట. మా పెళ్ళయినప్పటినుంచి రాలేదు. పాప ఎవరినీ ఏమీ అడగదు, సెలవుల్లో మాత్రం పోస్టు డబ్బా మూత రోజుకి రెండుసార్లు తెరిచి చూస్తుంది. మీరు నా మొహం చూసి మొహమాటపడి ఆపారో, మనసు కష్టపడి ఆపారో నాకు తెలియదు. నా కోసమైతే ఆపొద్దు. ఆ ఇంట్లో నాకు గది అక్కర్లేదు. పాపకి కావాలి.

ఉంటాను మరి. సంతకం దగ్గర కూడా వరస కుదరడం లేదు.

ఇట్లు,
పాప వాళ్ళింట్లో ఉండే మాస్టారు

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మళ్ళీ తీశాను. పైన ఒక అబద్ధం ఉంది. అప్‌డేట్ నొక్కింది పాప కాదు. నేను.

ఆ రోజు పాప స్కూల్లో ఉంది. దాని మెషీన్ జిడ్డుగా కనిపిస్తే తుడిచి, ఛార్జింగ్ పెట్టాను. అప్పుడు తెర మీద ఆ ప్రశ్న వచ్చింది. డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే పట్టించుకోకుండా బండి నడపకూడదని పదిహేనేళ్ళుగా నేర్పుతున్నవాణ్ణి నేను. ఇదీ సర్వీసింగ్ లాంటిదే అనుకున్నాను. వైఫై పాస్‌వర్డ్ కూడా నేనే కొట్టాను. పాపకి ఆ పాస్‌వర్డ్ తెలియదు, అది లేకుండా అప్‌డేట్ అవదు, కాబట్టి మీరు ఎలాగూ కనిపెట్టేస్తారు. సాయంత్రం పాప మూత తెరిచింది. కార్డు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూసింది. ఎవరు ముట్టుకున్నారని వాళ్ళమ్మ అడిగితే, నేను నోరు తెరిచేలోగా, నేనే నొక్కేశానమ్మా అంది. తెరిచిన నోరు నేను మూసుకున్నాను. పిల్ల చాటున దాక్కున్నాను. ఎందుకు అలా చెప్పిందో మూడు వారాలుగా ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. జాలా, భయమా, నన్ను పరాయివాణ్ణనుకుని పెట్టిన మర్యాదా?

ఇందాక ఈ ఉత్తరం దానికే ఇచ్చి చదవమన్నాను. పెదాలు కదుపుతూ అంతా చదివింది. పాప నొక్కేసింది అన్నచోట నేను వేలు పెట్టి, నిజం రాస్తాను, ఇది కొట్టేస్తాను అంటే ఒప్పుకోలేదు. అలాగే ఉంచెయ్ మాస్టారూ అంది. నాన్న నన్నైతే ఏమీ అనడు, నిన్నైతే అంటాడు అంది.

లోపలికి వెళ్ళి వాళ్ళమ్మకి నిజం చెప్పి వచ్చాను. ఆవిడ ఏమందో రాయను. మీరు అనేది కూడా నన్నే అనండి. వచ్చే ఆదివారం మీ ఫోన్ మోగినప్పుడు కారు కడగను.